అవగాహన లేనిది జనానికా, కౌంటర్‌కా?

రాయలసీమలో ఏ జిల్లా సమీక్షా సమావేశంలో కూర్చున్నా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "ప్రజల్లో అవగాహన లేదు సార్." పంటల బీమా కట్టలేదంటే అవగాహన లేదు. చంటిబిడ్డకు రెండో విడత టీకా వేయించలేదంటే అవగాహన లేదు. ఈ-కేవైసీ చేయించుకోలేదంటే మళ్లీ అదే. మందు కూడా ఎప్పుడూ ఒకటే: కళాజాత బృందం, కరపత్రం, ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో నాయకుల ఫొటోలు పోగా మిగిలిన జాగాలో చివరి తేదీ ఉంటుంది. కళ్లద్దాలు పెట్టుకుంటే కనబడుతుంది.

మనుషులు నిర్ణయాలు ఎలా తీసుకుంటారో పరీక్షించి చూసే ప్రవర్తనా శాస్త్రం ఈ రోగనిర్ధారణనే ఒప్పుకోదు. తెలియక చేయనివాళ్లు కొందరే. తెలిసీ చేయలేకపోయినవాళ్లు, రేపు చేద్దామనుకుని మరిచిపోయినవాళ్లు, రెండుసార్లు తిరిగి విసిగి మానుకున్నవాళ్లు చాలా ఎక్కువ. వాళ్లకు ఎన్ని కరపత్రాలు పంచినా ఏమీ మారదు.

ఈ శాస్త్రం ప్రభుత్వ కార్యాలయాల దాకా వచ్చిన దారి చిన్నదే. మనిషి లెక్కలు వేసుకుని లాభం చూసుకునే యంత్రమన్న అర్థశాస్త్ర నమ్మకాన్ని 1970ల నుంచి డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగాలతో దెబ్బతీశారు. కానెమన్‌కు 2002లో, అదే దారిలో నడిచిన రిచర్డ్ థేలర్‌కు 2017లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. 2010లో బ్రిటన్ ప్రభుత్వం తన క్యాబినెట్ కార్యాలయంలోనే ఇందుకోసం ఒక బృందాన్ని పెట్టింది. పన్ను బకాయిదారులకు పంపే ఉత్తరంలో "పది మందిలో తొమ్మిది మంది సకాలంలో కడుతున్నారు" అన్న అర్థం వచ్చే వాక్యం చేరిస్తే కట్టేవాళ్లు పెరిగారని ఆ బృందం చూపించింది. మన కేంద్రం కూడా 2018-19 ఆర్థిక సర్వేలో దీనికి ఏకంగా ఒక అధ్యాయం కేటాయించింది. తర్వాత నీతి ఆయోగ్‌లో ఒక ప్రత్యేక విభాగం వచ్చింది.

బ్రిటన్ ఉత్తరం కథ బాగా పాకింది. దాంతో ప్రవర్తనా శాస్త్రమంటే జనాన్ని తెలివైన మాటలతో దారికి తెచ్చుకోవడమనే అభిప్రాయం మనవాళ్లలో స్థిరపడింది. నా దృష్టిలో ఇది తలకిందుల వ్యవహారం. ఈ శాస్త్రంలో మనకు నిజంగా పనికొచ్చే భాగం కౌంటర్‌కు ఇవతల నిలబడ్డ మనిషి గురించి కన్నా కౌంటర్ గురించే ఎక్కువ చెబుతుంది. కర్నూలు, అనంతపురం, కడపల్లో అందుకు రుజువులు చాలానే ఉన్నాయి.

2024 వేసవినే తీసుకోండి. 2020 ఫిబ్రవరి నుంచి సామాజిక పింఛను ఒకటో తారీఖున తెల్లవారుజామునే ఇంటి గడపకు వచ్చేది. ఎన్నికల నియమావళి కారణంగా వాలంటీర్లు నగదు పంచకూడదని 2024 మార్చి చివర్లో ఎన్నికల సంఘం ఆదేశించింది. ఏప్రిల్‌లో ఎక్కువ మంది సచివాలయాలకు వెళ్లి తీసుకోవాల్సి వచ్చింది. మే నెలలో చాలామందికి నేరుగా బ్యాంకు ఖాతాల్లో వేశారు. ఆ నిర్ణయాల మీద జరిగిన రాజకీయ వాదన ఇక్కడ మనకు అక్కర్లేదు. ప్రవర్తనా శాస్త్రం కళ్లతో చూస్తే అది ఎవరూ అనుకోకుండా జరిగిపోయిన ప్రయోగం. డబ్బు అంతే, అర్హులు వాళ్లే. అవగాహన మాటకొస్తే, పింఛను ఎంతో, ఎప్పుడొస్తుందో తెలియని అవ్వ ఈ మూడు జిల్లాల్లో ఎక్కడా ఉండదు. మారిందల్లా మధ్యలోని మెట్లు. ఆ మండుటెండల్లో బ్యాంకుల ముందు అవ్వాతాతలు బారులు తీరారు. వాడక ఆగిపోయిన ఖాతా కొందరిది. ఏ బ్యాంకులో పడిందో తెలియక రెండు మూడు చోట్లకు తిరిగింది ఇంకొందరు. ఎన్నికలయ్యాక జులై నుంచి సచివాలయ సిబ్బంది చేతుల మీదుగా పింఛను మళ్లీ ఇంటికి చేరింది, ఆ వరుసలూ మాయమయ్యాయి. ఆ మూడు నెలల్లో జనం స్వభావం ఏమీ మారలేదు కదా.

దరఖాస్తు నుంచి డబ్బు చేతికందే దాకా ఉండే ఈ మెట్లలో అక్కర్లేనివాటిని థేలర్, ఆయన సహ రచయిత కాస్ సన్‌స్టీన్ బురద అంటారు. నడిచేవాడి కాలు దిగబడుతుంది, దారి వేసినవాడికి అది కనిపించదు. మన దగ్గర ఇది ఎక్కువగా పేర్ల దగ్గర పేరుకుంటుంది. ఆధార్‌లో ఓబులేసు. పట్టాదారు పుస్తకంలో పెద్ద ఓబులేశు. బ్యాంకులో ఇంటిపేరుతో కలిపి ఇంకో రకం. మనిషి ఒక్కడే, ఊరంతటికీ తెలుసు. కంప్యూటర్‌కు మాత్రం ముగ్గురు. సరిచేయించుకోవడానికి మండల కేంద్రానికి పోవాలంటే బస్సు చార్జీ, ఒక పూట కూలి. తీరా పోతే సర్వర్ లేదంటారు. ఆ మనిషి రెండోసారి పోకపోతే రికార్డులో "లబ్ధిదారుడు స్పందించలేదు" అని పడుతుంది. ఆ ముక్కే సమీక్షా సమావేశానికి చేరేసరికి అవగాహనా లోపమవుతుంది.

మెట్లు తగ్గిస్తే ఏమవుతుందో కొలిచిన పెద్ద పరిశోధన ఒకటి మన మూడు జిల్లాల్లోనే జరిగింది. ఇది ఇక్కడ ఎంతమందికి తెలుసో అనుమానమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010 నుంచి ఉపాధి హామీ కూలి, సామాజిక పింఛన్లు వేలిముద్రల స్మార్ట్‌కార్డుల ద్వారా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ఆర్థికవేత్తలు ప్రభుత్వంతో ఒక ఒప్పందానికి వచ్చారు. ఎనిమిది జిల్లాల్లో ఏ మండలంలో కార్డులు ముందు రావాలి, ఏ మండలంలో తర్వాత రావాలి అన్నది లాటరీ తీసి నిర్ణయించారు. ఆ ఎనిమిదిలో కర్నూలు, అనంతపురం, కడప మూడూ ఉన్నాయి. పోల్చి చూసినవి 157 మండలాలు, అక్కడి జనాభా దాదాపు కోటీ 90 లక్షలు.

అంతకుముందు ఉపాధి కూలి ప్రధానంగా పోస్టాఫీసులో వచ్చేది. కొత్త పద్ధతిలో ఊళ్లోనే ఒకరు, ఎక్కువగా పొదుపు సంఘం మహిళ, చిన్న యంత్రం పట్టుకుని వేలిముద్ర తీసుకుని డబ్బిచ్చేది. ఫలితం 2016లో అచ్చయింది. కూలి డబ్బు తీసుకోవడానికి పట్టే సమయం సగటున 22 నిమిషాలు, అంటే ఐదో వంతు తగ్గింది. పని చేశాక డబ్బు చేతికొచ్చే ఆలస్యం ఆరు నుంచి పది రోజుల దాకా తగ్గింది. మధ్యలో మాయమయ్యే సొమ్ములో దాదాపు 40 శాతం ఆగింది. రెండేళ్లు గడిచినా ఆ మండలాల్లో సగం చెల్లింపులే కొత్త పద్ధతికి మారాయి, అయినా ఇంత తేడా.

ఈ కథలో నన్ను ఎక్కువ ఆకట్టుకున్నవి రెండు. మొదటిది, కార్డు లేనివాళ్లకు పాత దారి మూసేయలేదు. ఇది చిన్న విషయమేమీ కాదు. తర్వాత జార్ఖండ్‌లో రేషన్‌కు ఆధార్ తప్పనిసరి చేసి పాత దారి మూసినప్పుడు, ఆధార్ అనుసంధానం కాని కుటుంబాల్లో కొందరికి బియ్యమే ఆగిపోయిందని ఇదే పరిశోధకులు తేల్చారు. సాంకేతికత దాదాపు అదే, జనం మీద పడిన భారం మాత్రం వేరు. రెండోది, స్మార్ట్‌కార్డుల మీద ప్రభుత్వానికి చేరిన మాటల తీరు. చేతివాటం పోయిన స్థానిక పెద్దల ఫిర్యాదులు పైదాకా వెళ్లాయి. మేలు జరిగిన కూలీలు ఎవరికీ ఫోన్ చేసి బాగుందని చెప్పలేదు. ఇంటింటికీ వెళ్లి అడిగితే మాత్రం పదిలో తొమ్మిది మందికి పైగా కొత్త పద్ధతే కావాలన్నారు. అడగకపోతే ఆ మాట ఫైల్లోకి ఎప్పటికీ రాదు.

ఇక రైతు తల లోపలి సంగతి. 2013లో అచ్చయిన ఒక పరిశోధనలో తమిళనాడు చెరకు రైతులు 464 మందికి కోతకు ముందు ఒకసారి, కోత డబ్బులు వచ్చాక ఒకసారి తర్కానికి, ఏకాగ్రతకు సంబంధించిన పరీక్షలు పెట్టారు. అదే రైతు, అదే తరహా పరీక్ష. చేతిలో డబ్బు లేని రోజుల్లో మార్కులు స్పష్టంగా తగ్గాయి. పేదవాడికి తెలివి తక్కువని దీనికి అర్థం కాదు. అప్పు, వడ్డీ, వాయిదా అనే లెక్కలు తలలో నడుస్తూనే ఉంటే మిగతావాటికి చోటు చాలదు.

దీన్ని అనంతపురం శనక్కాయ రైతు జూన్, జులై నెలల పక్కన పెట్టి చూడండి. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటి. విత్తనకాయ కొనాలి. సేద్యానికి ట్రాక్టర్ మాట్లాడుకోవాలి. వాన పడితే రెండు రోజుల్లో విత్తాలి, పడకపోతే ఆకాశం చూస్తూ కూర్చోవాలి. బళ్లు తెరుస్తారు, పిల్లల ఫీజులు. బంగారం మీద అప్పు తిరగరాయించాలి. సరిగ్గా అప్పుడే ప్రభుత్వం కూడా తన కాగితాలన్నీ పట్టుకుని వస్తుంది: పంట రుణం రెన్యువల్, బీమా గడువు, కొత్త పథకానికి ఈ-కేవైసీ. ఆ పైన పంట నమోదు. ఏడాదిలో రైతు తల నిండిపోయి ఉండే నెలనే వెతికి పట్టుకున్నట్టు ఉంటుంది. వీటిలో కొన్నింటికి పంట కాలంతో ముడి ఉంది, కదపలేం. ఈ-కేవైసీకి, పేరు సవరణకు అలాంటి ముడేమీ లేదు. వేసవిలో, ఊళ్లో పని లేనప్పుడు, సచివాలయంలో ముగించొచ్చు.

బీమా దగ్గర కొంచెం ఆగాలి. వాన తక్కువైతే పరిహారం ఇచ్చే చిన్న పాలసీలను దేశంలో మొదట అమ్మి చూసిన చోట్లలో అనంతపురం ఒకటి, మహబూబ్‌నగర్ ఇంకోటి. 2000ల నడిమి కాలంలో బేసిక్స్ అనే సూక్ష్మరుణ సంస్థ ద్వారా అమ్మారు. కరువు అంటే ఏమిటో ఇక్కడి రైతుకు ఒకరు చెప్పాలా? అయినా కొన్నవాళ్లు తక్కువే. ఎందుకని పరిశోధకులు తవ్వితే తేలిన పెద్ద కారణాల్లో ఒకటి చేతిలో నగదు లేకపోవడం, మరొకటి నమ్మకం లేకపోవడం. ఊరికి తెలిసిన సంస్థ మనిషి వెంట వచ్చి "వీళ్లు మనవాళ్లే" అని పరిచయం చేస్తే కొనేవాళ్లు మూడో వంతుకు పైగా పెరిగారు. ఆ సంస్థ పేరే తెలియని ఊళ్లలో ఆ పరిచయం పనిచేయలేదు. పాలసీ మంచిచెడ్డల గురించి ఎంత పాఠం చెప్పినా రాని మార్పు తెలిసిన ముఖంతో వచ్చింది. బీమా అవగాహనకు జిల్లా కేంద్రం నుంచి వాహనానికి జెండా ఊపే అధికారులు ఈ ముక్క ఒకసారి చదివితే బాగుండు.

నమ్మకం తర్వాత చూడాల్సింది, మనిషి తనంతట తాను ఏమీ చేయకపోతే ఏమవుతుందనేది. అమెరికాలో ఒక కంపెనీలో పదవీ విరమణ పొదుపులో చేరాలంటే ఫారం నింపాల్సినప్పుడు కొత్త ఉద్యోగుల్లో 49 శాతం చేరారు. నియమం తిరగేసి అందరినీ చేర్చి, వద్దనుకుంటే ఫారం ఇమ్మన్నప్పుడు 86 శాతం ఉన్నారు. ప్రధానమంత్రి ఫసల్ బీమాలో 2020 ఖరీఫ్ నుంచి ఉన్నదీ ఇలాంటి నియమమే: పంట రుణం తీసుకున్న రైతు వద్దని గడువుకు ఏడు రోజుల ముందు రాసివ్వకపోతే ప్రీమియం కోతపడుతుంది. రుణం లేని రైతు, కౌలు రైతు మాత్రం తామే వెళ్లి చేరాలి. మన రాష్ట్రంలో 2019 నుంచి కొన్నేళ్లు రైతు వాటా ప్రభుత్వమే కట్టింది కాబట్టి పంట నమోదైతే చాలు, బీమా ఉన్నట్టే. 2024 రబీ నుంచి రైతే కట్టుకోవాలన్నారు. ఈ మార్పును అందరూ డబ్బు లెక్కలోనే చూశారు. ఏమీ చేయకపోయినా బీమా ఉండే స్థితి నుంచి ఏదో ఒకటి చేస్తేనే ఉండే స్థితికి వచ్చామన్నది కూడా అంతే పెద్ద మార్పు. దాని దెబ్బ ముందు కౌలు రైతు మీద పడుతుంది. అలాగని ఏమీ చెప్పకుండా ఖాతాలో కోసేయడం న్యాయం కాదు. పాస్‌బుక్ ప్రింటు వేయించుకున్నప్పుడు గానీ ప్రీమియం పోయిందని తెలియని రైతు, మరుసటి ఏడు బీమా అంటేనే మండిపడతాడు.

వేళ సంగతికొస్తే, కర్నూలు పడమటి మండలాలను చూడకుండా ఏమీ చెప్పలేం. కోసిగి, మంత్రాలయం, ఆదోని చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఖరీఫ్ అయ్యాక కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి, అంటే వలస కూలికి పోతాయి, గుంటూరు వైపు మిరపకోతకు, పత్తికి, ఇంకొందరు బెంగళూరుకు. చంటిబిడ్డలూ వెంటే. జనవరిలో ఆశా కార్యకర్త టీకా జాబితా పట్టుకుని పోతే తలుపుకు తాళం. ఆ తల్లికి అవగాహన పెంచాలంటే ముందు ఆమె ఊళ్లో ఉండాలి కదా.

టీకాల మీద రాజస్థాన్‌లోని ఉదయపూర్ గ్రామాల్లో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం చేసిన ప్రయోగం చాలామందికి పప్పు కథగా గుర్తుంది. టీకాకు వస్తే కిలో పప్పు, అన్నీ పూర్తయితే పళ్లేల సెట్టు. పూర్తి టీకాలు పడిన పిల్లలు మామూలు గ్రామాల్లో 6 శాతం, పప్పు ఇచ్చిన చోట 39 శాతం. అందరూ దాటేసేది మధ్యలోని అంకె. పప్పూ లేదు, ఏమీ లేదు, చెప్పిన రోజున శిబిరం కచ్చితంగా నడిచిన గ్రామాల్లో 18 శాతం. నర్సు వస్తుందన్న నమ్మకం ఒక్కటే మూడింతలు చేసింది. సుగ్గి ఊళ్లకు దీన్ని అన్వయిస్తే, దసరాకు ముందే విడత ముగించడం, ఉగాదికి తిరిగొచ్చినప్పుడు మిగిలినవారికి ఇంకో విడత పెట్టడం, కార్డు గుంటూరు జిల్లాలోనూ చెల్లుతుందని తల్లికి నోటితో చెప్పడం. ఖర్చు పెద్దగా పెరగదు. కదలాల్సింది క్యాలెండర్.

జనాన్ని సిగ్గుపెట్టి దారికి తెచ్చే పద్ధతుల మీద నాకు గౌరవం తక్కువ. అమెరికాలోని అరిజోనాలో శిలాజ వనం ఒకటుంది. సందర్శకులు రాయిగా మారిన చెక్కముక్కలు పట్టుకుపోతున్నారని, చాలామంది ఇలా చేయడం వల్ల వనం పాడవుతోందని బోర్డు పెడితే దొంగతనం పెరిగింది. అందరూ తీసుకుంటున్నారన్న వార్త అందింది మరి. మన పట్టణాల్లో కూడలిలో కట్టే "ఇంకా ఇంతమంది పన్ను కట్టలేదు" అనే ఫ్లెక్సీ, చెత్తకుప్ప పక్కనే వెలిసే "ఇక్కడ చెత్త వేయరాదు" అనే రాత చేసేది అదే పని. కట్టనివాడు తాను ఒంటరి కాదని ఊరట పొందుతాడు. ఆస్తి పన్ను మొత్తం ఏప్రిల్ 30లోగా కడితే ఇచ్చే 5 శాతం రాయితీ అంతకన్నా ఎంతో మర్యాదైన పద్ధతి. కాకపోతే అది గడువు ముందు వారంలో ఒక సందేశంగా ఫోన్‌కు రావాలి, గడువు తర్వాత పత్రికలో కాదు. 2025 జనవరిలో మొదలైన మన మిత్ర వాట్సాప్ సేవలతో ఆ పని చేయడం ఇప్పుడు తేలికే.

ఉద్యోగులకు కూడా ప్రవర్తన ఉంటుందన్న సంగతి ఈ చర్చల్లో ఎవరికీ గుర్తురాదు. 2018లో తెలంగాణలో రైతుబంధు చెక్కులు పంచేటప్పుడు, కొన్ని మండలాల వ్యవసాయాధికారులకు ముందే చెప్పారు: మీ రైతులకు ఫోన్ చేసి చెక్కు అందిందా అని అడుగుతాం, దాన్నిబట్టి మీ పనితీరు చూస్తాం. అంతే. చెక్కు అందని రైతుల సంఖ్య ఆ మండలాల్లో 7.8 శాతం తగ్గింది. రైతును మార్చే ప్రయత్నం ఎవరూ చేయలేదు.

ఇంత చెప్పాక అవతలి పక్క కూడా చెప్పాలి. ఈ శాస్త్రం మీద నమ్మకం ఒక దశలో హద్దు దాటింది. అమెరికాలో ప్రభుత్వాలతో కలిసి పనిచేసే బృందాల 126 ప్రయోగాలను స్టెఫానో డెల్లావిన్యా, ఎలిజబెత్ లైనోస్ ఒకచోట చేర్చి 2022లో లెక్కతీశారు. పరిశోధనా పత్రికల్లో అచ్చయిన ప్రయోగాల్లో సగటు ప్రభావం 8.7 శాతం పాయింట్లు కనబడితే, ఈ బృందాల అసలు పనిలో 1.4 మాత్రమే. ఫారం చివర కాకుండా మొదట్లోనే సంతకం చేయిస్తే జనం నిజాలు రాస్తారని 2012లో అచ్చయిన పరిశోధన బాగా ప్రచారంలోకి వచ్చింది. అందులోని గణాంకాలు కల్పితమని తేలి 2021లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. 1.4 అంటే తీసిపారేయాల్సిన అంకె కాదు, లక్ష ఉత్తరాల్లో వాక్యం మార్చితే పద్నాలుగు వందల మంది. కానీ అద్భుతమూ కాదు. కాలువలో నీళ్లు లేని ఊరికి ఏ ఉత్తరమూ నీళ్లు తేదు. సుగ్గికి పోయేవాళ్లు స్థానికంగా పని, కూలి చాలక పోతున్నారు. వాళ్ల నిర్ణయంలో లోపమేమీ లేదు. అక్కడ ప్రవర్తనా శాస్త్రం పేరెత్తడం బడ్జెట్ ఖర్చు తప్పించుకునే సాకు.

జిల్లా స్థాయిలో చేయగలిగింది మాత్రం చాలా ఉంది, అదీ జీవో కోసం ఎదురుచూడకుండా. సోమవారం కర్నూలు కలెక్టరేట్ సునయన ఆడిటోరియంలోనో, అనంతపురం, కడప కలెక్టరేట్లలోనో తీసుకునే అర్జీలను ఇప్పుడు శాఖలవారీగా లెక్కపెడతారు. మనిషి ఏ మెట్టు దగ్గర ఆగిపోయాడన్న లెక్క కూడా పక్కన రాసుకుంటే, మూడు నెలల్లో జిల్లాలోని బురదంతా ఎక్కడుందో ఒక పటం తయారవుతుంది: పేరు తేడా ఎన్ని, వేలిముద్ర పడనివి ఎన్ని, ఫోన్ నంబరు మారినవి ఎన్ని. తర్వాత జిల్లా మండలాల్లో సగానికి లాటరీ తీసి కొత్త నోటీసు, మిగతా సగానికి పాత నోటీసు పంపి ఎక్కడ ఎక్కువ మంది వచ్చారో చూడొచ్చు. మన మండలాలకు ఈ లాటరీ కొత్తేమీ కాదు. కొత్త నోటీసులో మొదటి మూడు వరుసల్లో మూడే సంగతులు ఉండాలి: ఏ తారీఖులోపు, ఏ ఊళ్లో ఏ కార్యాలయానికి, ఏ కాగితం పట్టుకుని రావాలి. శుభాకాంక్షలు, నాయకుల ఫొటోలు తప్పవనుకుంటే వెనక పేజీలో వేసుకోవచ్చు.